మాట పుట్టుక వేరు, మాట అర్థం వేరు

ఆంగ్ల వ్యాఖ్యాన గ్రంథాలు చదివేటప్పుడు కఠినపదాలు మన విద్యార్థులను ఎంతో ఇబ్బంది పెడతాయి. ఒమ్నిపొటెంట్, ఒమ్నిషియెంట్, ఒమ్నిప్రెజెంట్ అనే మాటలను విడివిడిగా బట్టీపట్టడం కష్టం. 'ఒమ్ని' అంటే లాటిన్ భాషలో 'సర్వ' అని తెలిస్తే సర్వశక్తి, సర్వజ్ఞత, సర్వవ్యాపకత్వం మూడూ ఒకేసారి గుర్తుంటాయి. మూలాల ద్వారా పదాలు నేర్చుకోవడం మంచి పద్ధతే. అయితే మాట పుట్టుక తెలిసినంత మాత్రాన దాని నేటి అర్థం తెలిసిపోయిందనుకోవడం ఒక హేతుదోషం. దీన్ని 'ఎటిమలాజికల్ ఫ్యాలసీ' అంటారు. మనం వ్యుత్పత్తి దోషం అనుకుందాం.

1. మన భాషలోనే నిదర్శనం

ప్రాచీన తెలుగులో 'కంపు' అంటే పరిమళం. నేడు అది దుర్వాసన. ఒకప్పుడు ఏ వస్త్రమైనా 'చీర'యే. నేడు అది స్త్రీలు కట్టుకునేది. ఆంగ్లంలో 'నైస్' అనే మాట 'తెలియనివాడు' అనే అర్థమున్న లాటిన్ పదం నుండి వచ్చింది. అలాగని మనల్ని 'నైస్' అన్నవారు అజ్ఞాని అని తిట్టారనుకోము కదా!

2. డైనమైట్ ప్రసంగం

రోమా 1:16లో 'శక్తి' అనే మాటకు గ్రీకు మూలం 'దునామిస్'. దాని నుండే 'డైనమైట్' వచ్చింది కాబట్టి సువార్త డైనమైట్ వంటిదని పౌలు చెప్పాడని మనలో చాలామందిమి బోధించాం. మేమూ అందుకు మినహాయింపు కాదు. కాని ఆల్ఫ్రెడ్ నోబెల్ డైనమైట్‌కు పేటెంట్ పొందింది 1867లో. మొదటి శతాబ్దపు పౌలు మనసులో అది ఉండే అవకాశమే లేదు. పైగా డైనమైట్ బద్దలు కొడుతుంది, పౌలు చెప్పిన శక్తి రక్షణ కలుగజేస్తుంది.

3. 'ఎక్లేసియా'

సంఘానికి వాడిన ఈ గ్రీకు మాటను విడదీసి 'బయటికి పిలువబడినవారు' అని చెబుతాం. అయితే అపొస్తలుల కార్యములు 19:32లో ఎఫెసు నాటకశాలలో గలభా చేసిన గుంపుకు కూడా ఇదే మాట వాడబడింది. వారిని దేవుడు ప్రత్యేకించి పిలిచాడా? కాదు. ఆ మాటకు వాడుకలో 'సభ' అనే అర్థం. ఒక వాదన చెల్లనంత మాత్రాన దాని ముగింపు అబద్ధం కానక్కరలేదు. విశ్వాసులు చీకటిలోనుండి పిలువబడినవారనే సత్యం 1 పేతురు 2:9లో స్పష్టంగా ఉంది. ఆ సత్యాన్ని అక్కడినుండే బోధించాలి.

4. ఒకే మాట, రెండు అర్థాలు

యోహాను 3:16 ప్రకారం దేవుడు లోకాన్ని ప్రేమించాడు. 1 యోహాను 2:15 లోకాన్ని ప్రేమించవద్దంటుంది. రెండుచోట్లా గ్రీకు మాట 'కోస్మోస్'. మొదటిదానిలో అది రక్షణ అవసరమైన మనుష్యులు, రెండవదానిలో దేవునికి విరోధమైన జీవన విధానం. ఈ భేదం మరచి రెండింటినీ కలిపి వాదిస్తే అది 'ఈక్వివొకేషన్', అంటే ద్వ్యర్థ దోషం.

5. మనం చేయవలసినది

జేమ్స్ బార్ 1961లో 'ద సిమాంటిక్స్ ఆఫ్ బిబ్లికల్ లాంగ్వేజ్' గ్రంథంలో ఇటువంటి పద్ధతులను గట్టిగా విమర్శించాడు. డి.ఎ. కార్సన్ 1984లో 'ఎక్సెజెటికల్ ఫ్యాలసీస్'లో వీటిని సేవకులకు ఉపయోగపడేలా వివరించాడు. ప్రసంగం సిద్ధపరచేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకుందాం. ఈ మాటను రచయిత కాలంలో ఎలా వాడేవారు? ఈ వాక్యంలో, ఈ సందర్భంలో దాని అర్థమేమిటి? గ్రీకు మాట ఎత్తకుండా ఈ సత్యాన్ని ఈ వాక్యభాగం నుండే చూపగలమా?

"గ్రీకులో ఇలా ఉంది" అని మనం అన్నప్పుడు సంఘంలో దాన్ని సరిచూడగలవారు బహు తక్కువ. వారు మనల్ని నమ్మి తలూపుతారు. ఆ నమ్మకమే మన బాధ్యతను పెంచుతోంది. కనుక మూలాన్ని జ్ఞాపకానికి వాడుకుందాం, అర్థాన్ని సందర్భంలో వెదుకుదాం.