బొమ్మకు నడక నేర్పే విద్య

తెరమీద ఒక బొమ్మ రెండు చేతులూ జోడించి నమస్కరిస్తుంది. దానిని ఆడించే దారంగాని, కర్రగాని మనకు కనిపించవు. నిజానికి ఆ బొమ్మ కెమెరా ముందు ఒక్కసారి కూడా కదలలేదు. కదలకుండా ఉన్నప్పుడు దానిని ఫొటో తీశారు. పిమ్మట చేతిని వెంట్రుకవాసి జరిపి మరల ఫొటో తీశారు. ఇట్లు తీసిన నిశ్చల చిత్రాలను సెకనుకు 24 చొప్పున వరుసగా ప్రదర్శిస్తే మన కన్ను వాటిని విడివిడిగా గుర్తించలేదు, కదలికగా గ్రహిస్తుంది. ఈ పద్ధతికి స్టాప్ మోషన్ అని పేరు.

ఈ విద్య మన దేశానికి కొత్తది కాదు. దాదాసాహెబ్ ఫాల్కే 1913లో 'రాజా హరిశ్చంద్ర' విడుదల చేయడానికి పూర్వమే, బఠానీ గింజ మొలకెత్తి మొక్కగా పెరిగే క్రమాన్ని కొద్దికొద్దిగా చిత్రించి, ఆ చిన్న చిత్రంతో పెట్టుబడి పెట్టేవారిని ఒప్పించారు. 1915లో అగ్గిపుల్లలనే పాత్రలుగా చేసి 'అగ్‌కాడ్యాంచీ మౌజ్' అనే మరాఠీ పేరుతో ఒక చిత్రం తీశారు. అగ్గిపుల్లకు ముఖం లేదు, దుస్తులు లేవు. కదలిక ఒక్కటే దానికి ప్రాణం.

నేర్చుకోదలచిన విద్యార్థి సాధారణంగా మట్టిబొమ్మతోనో, తీగెతో చేసిన నిలువు బొమ్మతోనో ప్రారంభించి, అది మాటిమాటికీ పడిపోవడం చూసి విసిగిపోతాడు. పలక వంటి చదును బొమ్మతో ప్రారంభించడం మేలని ఈ వ్యాసకర్త అభిప్రాయం. జర్మనీకి చెందిన లోటె రైనిగర్ 1926లో పూర్తిచేసిన 'రాకుమారుడు అహ్మద్ సాహసాలు' అనే పూర్తి నిడివి చిత్రం అట్టి బొమ్మలతోనే రూపొందింది. ఆమె నల్లని అట్టను, పలుచని సీసపు రేకును కత్తిరించి, కీళ్ల వద్ద సన్నని తీగెతో బిగించి, క్రిందినుండి దీపకాంతి పడే అద్దపు బల్లపై ఆ బొమ్మలను పరచి, పైన అమర్చిన కెమెరాతో చిత్రించింది. పరచిన బొమ్మ ఎన్నడూ పడిపోదు.

తెలుగువారికి ఈ వర్ణన వినగానే తోలుబొమ్మలాట స్ఫురించక మానదు. భుజం, మోచేయి, మోకాలు మొదలైన అవయవాలను వేరువేరుగా కోసి, రంధ్రాలు చేసి, దారంతో ముడివేసే నేర్పు మన బొమ్మలాట కళాకారులకు తరతరాలుగా తెలుసు. అయితే ఒక ముఖ్యమైన భేదం ఉన్నది. ఆటలో ముడి వదులుగా ఉండాలి. కర్రను కొంచెం కదిపితే చాలు, చేయి తనంత తానే ఊగాలి. చలనచిత్రంలో పెట్టిన చేయి పెట్టినచోటే నిలవాలి. బల్లపై పరచినప్పుడు వదులు ముడి ఇబ్బంది పెట్టదుగాని, నిలువు బొమ్మకు బిగువైన కీలు తప్పనిసరి.

దళసరి డ్రాయింగు అట్ట, దారం, ఒక అద్దపు పలక, క్రింద ఒక విద్యుద్దీపం, పైన కదలకుండా కట్టిన ఫోను: ప్రారంభానికి ఇవి చాలు. కిటికీలు మూసివేయాలి. ఎండ మారినకొద్దీ చిత్రం మినుకుమినుకుమంటుంది. ఫోను తనంత తానే వెలుగును సవరించుకొనే ఏర్పాటును నిలిపివేయాలి. తెల్లచొక్కా తొడుక్కొని దగ్గరగా వంగినా దాని కాంతి బొమ్మపై పడుతుంది. ముదురురంగు దుస్తులు ధరించడం ఈ వృత్తిలో అలవాటు.

ఒక్కొక్క భంగిమను రెండేసి ఫ్రేములు నిలిపితే సెకనుకు 12 భంగిమలు సరిపోతాయి. పది సెకన్ల చిత్రానికి 120. భంగిమకు రెండు నిమిషాలు పట్టినా నాలుగు గంటల పని. అసలు విద్య ఈ 12 భంగిమల మధ్య దూరంలో ఉన్నది. చేతిని ప్రతిసారీ ఒకే కొలతలో జరిపితే అది యంత్రంవలె కదులుతుంది. మొదట స్వల్పంగా, నడుమ ఎక్కువగా, చివర మరల స్వల్పంగా జరిపితే చేతికి బరువు వస్తుంది. సామాన్యమైన నడకలో ఒక్కొక్క అడుగుకు సుమారు అర సెకను, అనగా ఆరు భంగిమలు. వృద్ధుని అడుగుకు ఇంకా ఎక్కువ కావాలి. వేగమే స్వభావాన్ని తెలుపుతుంది.

తరువాత నిలువు బొమ్మకు పోవచ్చు. రెండు మూడు పేటలుగా మెలివేసిన అల్యూమినియం తీగె దానికి ఎముకలు. తీగె ఒకేచోట పదేపదే వంగితే తెగుతుంది కాబట్టి చేయి ఊడదీసి మార్చుకొనే వీలుండాలి. పాదాన్ని బల్ల అడుగునుండి మరతో బిగించాలి. తల తేలికగా ఉండాలి. కొండపల్లి కళాకారులు తేలికైన తెల్ల పొనికి కర్రతో అవయవాలను విడిగా చెక్కి, మక్కుతో అతికించే తీరు చూసినవారికి ఈ సూత్రం వెంటనే బోధపడుతుంది. ముఖకవళికలకై తొందరపడనక్కరలేదు. చెక్ దేశపు ఇర్షీ ట్రన్‌కా బొమ్మల ముఖాలు చాలావరకు మారనే మారవు. తల వంపు, వెలుగునీడలే వాటి భావాన్ని మారుస్తాయి. మన దేశంలో సురేశ్ ఎరియత్ ముంబయి జీవితం నేపథ్యంగా మట్టిబొమ్మలతో తీసిన 'టోక్రీ' చిత్రానికి 65వ జాతీయ చలనచిత్ర పురస్కారాలలో గౌరవం లభించింది.

ఇక నేర్పేవారి సంగతి. శ్రీ సత్యసాయి జిల్లాలోని నిమ్మలకుంట తోలుబొమ్మలకు పేరుగాంచిన గ్రామం. ఆ గ్రామానికి చెందిన దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ లభించింది. అయినా రాత్రంతా ఆట చూసే ప్రేక్షకులు తగ్గిపోగా, అక్కడి కుటుంబాలకు నేడు దీపపు తొడుగులు, గోడ అలంకారాలు ప్రధాన జీవనాధారమైనవి. తోలుపై చెక్కే నేర్పు ఈ విధంగా నిలుస్తున్నది. బొమ్మను నడిపించే నేర్పు దీపపు తొడుగుకు అవసరం లేదు. హనుమంతుడు ఎట్లు దూకుతాడో, రావణుడు ఎట్లు అడుగు వేస్తాడో ఆడించే చేతికే తెలుసు. కళాశాలలు అట్టి కళాకారులను తగిన పారితోషికంతో రెండు రోజులు ఆహ్వానించి, తెల్లని తెరపై ఆడించమని కోరి, ఆ నడకలను చిత్రించుకోవచ్చు. తరువాత విద్యార్థులు ఫ్రేము వెంట ఫ్రేము ఆపి, రావణుని అడుగు ఎన్ని ఫ్రేములు తీసుకొన్నదో, ఎక్కడ క్షణకాలం ఆగినదో లెక్కపెట్టి, తమ అట్టబొమ్మతో అదే అడుగు వేయించి చూడవచ్చు.