పేరు లేని సెమ్మె

భద్రాచలం నుంచి గోదావరి ఒడ్డు పట్టుకుని, దుమ్ముగూడెం మీదుగా పైకి పోతే చర్ల వస్తుంది. దాని కవతల అడవి. అడవి దాటితే బస్తరు. కిందటి వానకాలం మా చిన్నమ్మ గారింటికి వెళ్ళాను. రాత్రి భోజనాల వేళ గాలివాన వచ్చి కరెంటు పోయింది. చిన్నమ్మ తడుముకుంటూ వెళ్ళి ఒక ఇత్తడి సెమ్మె తెచ్చి వెలిగించింది.

జానెడు ఎత్తు. ఏనుగు మీద మావటివాడు, వాడి తలమీద ప్రమిద. ఒళ్ళంతా సన్నని దారం చుట్టినట్లు గీతలు.

"ఎవరు చేశారు చిన్నమ్మా?" అన్నాను.

"బస్తరు వాళ్ళ పనిరా. మీ బాబాయి సంతలో కొన్నారు. చేసినవాడి పేరు ఎవరడుగుతారు నాయనా?"

ఆ మాటకు, బొమ్మల పుస్తకంలో చూసిన ఒక జర్మన్ కొవ్వొత్తి సెమ్మె జ్ఞాపకం వచ్చింది. దాదాపు నూట పాతికేళ్ళ నాటిది. తగరం ఎక్కువపాలు కలిసిన లోహంతో పోసినది. నేలలోంచి కాడ లేచి, మెలి తిరిగి, పైన మొగ్గ విచ్చుకున్నట్లుంటుంది. ఆ మొగ్గలో కొవ్వొత్తి నిలబెట్టాలి.

ఆ రోజుల్లో మ్యూనిక్ కళాకారులు పాతకాలపు అలంకారాలకు ఒక దణ్ణం పెట్టి, తీగలూ ఆకులూ అలలూ చూసి గీతలు గీశారు. 1896లో అక్కడ ప్రారంభమైన 'యూగెండ్' అనే సచిత్ర వారపత్రిక పేరుమీదనే ఆ ధోరణికి 'యూగెండ్‌స్టిల్' అని పేరు వచ్చింది. వారపత్రికకు ఎంత మహత్తు ఉన్నదో చూశారా!

ఈ రకం సెమ్మెల అడుగున 'ఒసిరిస్' అన్న ముద్ర, ఒక నంబరు ఉంటాయి. అది న్యూరెంబర్గులో వాల్టర్ షెర్ఫ్ కంపెనీ సరుకు గుర్తు. నమూనా గీసినవాడి పేరు మాత్రం ఉండదు.

అతని పేరు ఫ్రీడ్రిష్ ఆడ్లర్. 1878లో లౌప్‌హైమ్ అనే చిన్న ఊళ్ళో, మిఠాయి దుకాణం వారింట పుట్టిన యూదుడు. ఒసిరిస్ సరుకుకు నమూనాలు గీయడం మొదలుపెట్టేనాటికి పాతికేళ్ళు నిండలేదు. 1907 నుంచి హాంబర్గు కళాశాలలో పాఠాలు చెప్పాడు. 1933లో హిట్లరు ప్రభుత్వం వచ్చింది; యూదుడన్న నేరానికి ఉద్యోగం పోయింది. 1942 జులైలో ఆష్విట్జ్‌కు పంపి చంపేశారు. అప్పటికి అతనికి 64 ఏళ్ళు.

మనిషి పోయాడు, సెమ్మెలు మిగిలాయి. అతని పనినంతా ఒకచోట చేర్చి మ్యూనిక్‌లో పెద్ద ప్రదర్శన పెట్టేసరికి 1994 వచ్చింది. పేరు చెరిపేయాలనుకున్నవాళ్ళకు, అడుగున పేరు లేకపోవడం పని ఎంత సులువు చేసి ఉంటుందో ఆలోచించండి.

మన సెమ్మె సంగతి ఇంకా విచిత్రం. ముందు మట్టితో లోపలి ఆకారం చేస్తారు. మైనాన్ని దారాలుగా తీసి దానిమీద చుడతారు. నేను చూసిన గీతలు అవే. పైన మళ్ళీ మట్టి మెత్తి, ఆరబెట్టి, కాలుస్తారు. మైనం కరిగిపోతుంది, ఆ ఖాళీలో కరిగిన ఇత్తడి పోస్తారు. చల్లారాక మట్టి పగలగొడితే బొమ్మ బయటికి వస్తుంది. మొహెంజదారో నాట్యగత్తె బొమ్మను పోసినదీ మైనపు పోతతోనే. మూస పగిలిపోయింది కనుక అచ్చంగా అలాంటిది మరొకటి రాదు. కంపెనీ సెమ్మెలు ఒకే నంబరు మీద ఎన్నో తయారయ్యాయి. చిన్నమ్మ సెమ్మె లోకంలో ఒక్కటే. అయినా దానికీ పేరు లేదు!

బస్తరులో ఈ పనివారిని ఘడ్వాలంటారు. మన ఆదిలాబాదు వైపు ఓజాలు. 2018లో ఆదిలాబాద్ డోక్రాకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. మంచిదే. కాని గుర్తింపు వచ్చింది ఊరి పేరుకు. చేసిన చేతికి కాదు. కొండగావ్ జయదేవ్ బఘేల్ వంటి ఏ కొద్దిమంది పేర్లో దేశం దాటాయి. తక్కినవారంతా 'బస్తరు వాళ్ళే'.

ఇదంతా ఆ రాత్రి చిన్నమ్మకు చెప్పాను. ఆమె ఏమీ అనలేదు. దీపంలో వత్తి సర్ది ఊరుకుంది.

దీపావళికి ఫోను చేసింది. సంతలో ఇంకో సెమ్మె కొన్నదట.

"పేరడిగానురా. తప్పేం వచ్చిందోనని ముందు బెదిరిపోయాడు పాపం. తరవాత నవ్వి చెప్పాడు. కాగితం మీద రాసి అడుగున అంటించాను. కాగితం ఊడిపోతుందంటారు మీ బాబాయి. అందుకని ఇంటి లెక్కల పుస్తకంలోనూ రాసి పెట్టాను."