మీకు తెలుసా? నిఖత్ జరీన్ ఓడిన బౌట్ల కథ

నిఖత్ జరీన్ అనగానే రెండు ప్రపంచ టైటిళ్లు గుర్తొస్తాయి: 2022లో ఇస్తాంబుల్, 2023లో ఢిల్లీ. ముస్తాబాద్, సిరిసిల్ల వాళ్లు కామారెడ్డి దాటితే, కోరుట్ల, మెట్‌పల్లి వాళ్లు ఆర్మూర్ దాటితే వచ్చే నిజామాబాదే ఆమె ఊరు. మన పక్క జిల్లా పిల్ల కాబట్టి ఆమె గెలుపులు మనకు నోటికొచ్చు. ఓటముల ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. నాకైతే ఆమె ఆట నిజంగా అర్థమైంది, ఓడిన బౌట్లను వరసగా పెట్టుకుని చూసినప్పుడే. ఆమెను ఓడించిన వాళ్లలో కొందరు మళ్లీ ఆమె ఎదుటికి రావాల్సి వచ్చింది. అక్కడే అసలు కథ ఉంది.

◆ నిఖత్ మొదట బాక్సర్ కాదు, రన్నర్. తండ్రి మహమ్మద్ జమీల్ అహ్మద్ పదిహేనేళ్లు సౌదీలో పనిచేసి తిరిగొచ్చిన మనిషి. గల్ఫ్ బతుకంటే ఏమిటో సిరిసిల్ల, జగిత్యాల వైపు వాళ్లకు విడమరిచి చెప్పాల్సిన పని లేదు. ఆయనే కూతుర్ని మైదానానికి తీసుకెళ్లి పరుగు పందేలకు తయారు చేశారు. అక్కడ అన్ని ఆటల్లోనూ అమ్మాయిలు కనిపించారు, ఒక్క బాక్సింగ్‌లో తప్ప. ఆడపిల్లలు బాక్సింగ్ ఎందుకు ఆడరని ఆమె తండ్రిని అడిగింది. వాళ్లకు అంత బలం ఉండదని జనం అనుకుంటారని ఆయన జవాబిచ్చారు. గ్లవ్స్ వేసుకోవడానికి ఆ మాట చాలింది.

◆ ఆమె తిన్న మొదటి దెబ్బలు ఏ రికార్డులోనూ ఉండవు. నిజామాబాద్‌లో అప్పుడు బాక్సింగ్ నేర్చుకునే ఆడపిల్లలు లేరు. అందుకే స్పారింగ్ అంటే మగపిల్లలతోనే. మొదటిసారి రింగ్‌లోకి దిగిన రోజు ముక్కు నుంచి రక్తం కారింది, కంటి కింద కమిలిపోయింది. ఆ ముఖంతో ఇంటికొచ్చిన బిడ్డను చూసి తల్లి పర్వీన్ సుల్తానా ఏడ్చేశారు. ముఖం పాడైతే పెళ్లెవరు చేసుకుంటారన్నది ఆమె బెంగ. పేరొస్తే పెళ్లికొడుకులు వరసకడతారని కూతురు సముదాయించింది. ఈ సంగతి నిఖత్ చాలా ఇంటర్వ్యూల్లో నవ్వుతూ చెప్పింది. ఆ తల్లి మాటలో ఉన్న భయాన్ని నేను తేలిగ్గా తీసుకోలేను. మన ఊళ్లలో ఏ ఆటలోకి దిగిన ఆడపిల్లైనా ముందు దాటాల్సింది ఆ భయాన్నే.

◆ ఆమెకు ఓనమాలు నేర్పిన కోచ్ సంసముద్దీన్. ఆయన కొడుకు మహమ్మద్ హుసాముద్దీన్ కూడా భారత్‌కు ఆడిన బాక్సరే, 2018, 2022 కామన్వెల్త్ క్రీడల్లో కాంస్యాలు గెలిచాడు. 2023లో తాష్కెంట్ ప్రపంచ పోటీల్లో సెమీస్ దాకా వెళ్లి, మోకాలి గాయంతో ఆ బౌట్ ఆడకుండానే తప్పుకోవాల్సి వచ్చింది. దక్కిన కాంస్యం వెనుక ఆడని ఆట ఒకటి మిగిలిపోయింది.

◆ 2009లో నిఖత్ విశాఖపట్నంలోని భారత క్రీడా ప్రాధికార సంస్థ (సాయ్) కేంద్రంలో ద్రోణాచార్య అవార్డు గ్రహీత ఐ.వి.రావు శిక్షణలో చేరింది. రెండేళ్లకు, పదిహేనో ఏడు నిండకముందే, టర్కీలోని అంటాల్యాలో జూనియర్ ప్రపంచ చాంపియన్ అయింది. ఫైనల్లో టర్కీ అమ్మాయి ఉల్కు దెమిర్‌ను వాళ్ల గడ్డ మీదే 27-16తో ఓడించింది. ఈ స్కోరు ఇప్పటి వాళ్లకు వింతగా అనిపిస్తుంది. అప్పట్లో తగిలిన పంచ్‌లను జడ్జీలు బటన్ నొక్కి లెక్కపెట్టేవారు. ఇప్పుడు రౌండ్‌కు పది మార్కుల పద్ధతి. 5-0, 4-1 అని మనం చదివేది ఎంతమంది జడ్జీలు ఎవరి వైపు ఉన్నారన్న లెక్క మాత్రమే.

◆ జూనియర్ స్వర్ణం వచ్చిన రెండేళ్లకు, 2013లో, బల్గేరియాలోని అల్బేనాలో జరిగిన యూత్ ప్రపంచ పోటీల్లో ఆమె ఫైనల్ ఓడింది. రజతంతో తిరిగొచ్చింది.

◆ 2016లో సీనియర్ ప్రపంచ పోటీలకు అస్తానా వెళ్లింది. తనకు అలవాటైన 51 కిలోల్లో మేరీ కోమ్ ఉన్నందువల్ల నిఖత్ ఆడింది 54 కిలోల్లో. ఆ విభాగం అప్పటికి ఒలింపిక్స్‌లో లేనే లేదు. ఉత్త చేతులతో తిరిగొచ్చింది. ఆ ఏడు మన జట్టు మొత్తానికీ దక్కింది సోనియా లాథర్ రజతం ఒక్కటే. మరుసటి ఏడాది అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో కుడి భుజం జారింది. ఆపరేషన్ అయింది, దాదాపు ఏడాది రింగ్‌కు దూరం. జూనియర్ చాంపియన్లు కనుమరుగయ్యేది సరిగ్గా ఇలాంటి చోటే. గాయం మానేలోపు కొత్తవాళ్లు వస్తారు, క్యాంపుల జాబితాలు మారిపోతాయి, పేరు మెల్లగా జారిపోతుంది.

◆ ఇక 2019. ఆ ఏడు ఫిబ్రవరిలో బల్గేరియాలో స్ట్రాంజా టోర్నీ స్వర్ణం గెలిచింది కాబట్టి మంచి ఏడాదే అనుకోవాలి. కానీ తర్వాత జరిగింది చూడండి. బ్యాంకాక్ ఆసియా పోటీల క్వార్టర్స్‌లో రెండుసార్లు ప్రపంచ చాంపియన్ అయిన కజకిస్థాన్ బాక్సర్ నాజిమ్ కిజైబాయ్‌ను మట్టికరిపించి, సెమీస్‌లో వియత్నాం బాక్సర్ న్గుయెన్ థి తామ్ చేతిలో ఓడింది. మే నెలలో గువాహటి ఇండియా ఓపెన్ సెమీస్‌లో మేరీ కోమ్ చేతిలో 4-1తో ఓడింది. థాయిలాండ్ ఓపెన్ ఫైనల్లో చైనా బాక్సర్ చాంగ్ యువాన్ చేతిలో ఓడింది. ఈ చాంగ్ యువానే తర్వాత పారిస్‌లో 54 కిలోల ఒలింపిక్ స్వర్ణం గెలిచింది. ఎవరి చేతిలో ఓడిందో చూస్తే ఆ ఓటముల విలువ తెలుస్తుంది.

◆ ఆ ఏడాది చివర్లో జరిగిన ఓటమి మాత్రం దేశమంతా చూసింది. 2019 అక్టోబర్‌లో నిఖత్ అప్పటి క్రీడల మంత్రి కిరణ్ రిజిజుకు బహిరంగ లేఖ రాసింది. ఒలింపిక్ అర్హత పోటీలకు ఎవర్ని పంపాలో ట్రయల్ పెట్టి తేల్చమని అడిగింది. మైకేల్ ఫెల్ప్స్ అంతటివాడు కూడా ప్రతిసారీ కొత్తగా అర్హత సాధించాల్సి వచ్చిందని ఉదాహరణ ఇచ్చింది. ట్రయల్ పెట్టారు. డిసెంబర్ 28న ఢిల్లీ ఇందిరా గాంధీ స్టేడియంలో 23 ఏళ్ల నిఖత్, 36 ఏళ్ల మేరీ కోమ్ తలపడ్డారు. 9-1తో మేరీ గెలిచింది. ఇది పాయింట్ల స్కోరని చాలామంది అనుకున్నారు. ఆ ట్రయల్స్‌కు పదిమంది జడ్జీలను పెట్టారు, అందులో తొమ్మిదిమంది మేరీ వైపు, ఒకరు నిఖత్ వైపు. మిగతా విభాగాల్లోనూ 8-2, 10-0 లాంటి ఫలితాలు వచ్చాయి. బౌట్ ముగిశాక మేరీ చేయి కలపలేదు. తెలంగాణ బాక్సింగ్ సంఘం తరఫున వచ్చినవాళ్లు కేకలు వేస్తే జాతీయ బాక్సింగ్ సమాఖ్య అధ్యక్షుడు అజయ్ సింగ్ సర్దిచెప్పాల్సి వచ్చింది.

ఆ రోజు గురించి నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. బౌట్ మేరీదే, అందులో నాకు అనుమానం లేదు. అప్పటికి ఆమె ఆరుసార్లు ప్రపంచ చాంపియన్. కానీ ట్రయల్ అడిగే హక్కు నిఖత్‌ది. ఓడిపోతానేమో అని తెలిసి కూడా ఆడనివ్వమని అడగడానికి చాలా గుండె కావాలి. మేరీని చిన్నప్పటి నుంచి ఆరాధించిన పిల్ల, ఆమెకు ఎదురు నిలబడతానని మంత్రికి ఉత్తరం రాయడం ఎంత కష్టమో ఆలోచించండి. టోక్యో ఒలింపిక్స్ అవకాశం ఆ రోజే చేజారింది.

◆ ఆ మేరీ కోమ్ కథ కూడా ఓటమితోనే మొదలైందని మీకు తెలుసా? 2001లో అమెరికాలోని స్క్రాంటన్‌లో మహిళల తొలి ప్రపంచ పోటీల ఫైనల్లో ఆమె టర్కీ బాక్సర్ చేతిలో ఓడి రజతం తెచ్చుకుంది. బాక్సింగ్‌లో ఈ వరస చాలా పాతది. జో లూయిస్ 1932లో తన తొలి అమెచ్యూర్ బౌట్‌లోనే జానీ మైలర్ చేతిలో ఏడుసార్లు కింద పడ్డాడు. మహమ్మద్ అలీ, క్యాషియస్ క్లేగా ఉన్న కాలంలో, 1958లో చికాగోలో కెంట్ గ్రీన్ చేతిలో, మరుసటి ఏడు పాన్ అమెరికన్ ట్రయల్స్‌లో అమోస్ జాన్సన్ చేతిలో ఓడాడు. మైక్ టైసన్‌ను 1984 ఒలింపిక్ జట్టులోకి రానివ్వనిది హెన్రీ టిల్‌మన్. రెండుసార్లు ఓడించాడు. ఆరేళ్ల తర్వాత ప్రొఫెషనల్ రింగ్‌లో టైసన్ అతన్ని తొలి రౌండ్లోనే పడేశాడు.

◆ మళ్లీ నిఖత్ దగ్గరికి. ఆమె కథలో టిల్‌మన్ లాంటి పేరు బుసెనాజ్ చకిరోగ్లు, టర్కీ. 2019 ప్రపంచ పోటీల సెమీస్‌లో మేరీ కోమ్‌ను ఓడించింది ఈమే. 2021 మార్చిలో ఇస్తాంబుల్ బాస్ఫోరస్ టోర్నీలో నిఖత్ ఇద్దరు ప్రపంచ చాంపియన్లను, రష్యాకు చెందిన పాల్ట్‌సెవాను, పైన చెప్పిన కిజైబాయ్‌ను, వరసగా ఓడించింది. సెమీస్‌లో ఎదురైంది చకిరోగ్లు. నిఖత్ ఓడి కాంస్యంతో ఆగింది. చకిరోగ్లు ఆ వేసవిలోనే టోక్యోలో ఒలింపిక్ రజతం గెలిచింది. 2022 ఫిబ్రవరిలో సోఫియాలో జరిగిన స్ట్రాంజా సెమీస్‌లో ఇద్దరూ మళ్లీ కలిశారు. ఈసారి 4-1తో నిఖత్ గెలిచింది, ఫైనల్ కూడా కొట్టింది. మూడు నెలలకు అదే ఇస్తాంబుల్‌లో, మే 19న, థాయిలాండ్ బాక్సర్ జిత్‌పాంగ్ జుతామస్‌ను 5-0తో ఓడించి ప్రపంచ చాంపియన్ అయింది. పదకొండేళ్ల కింద జూనియర్ టైటిల్ ఇచ్చిన దేశమూ టర్కీయే.

◆ 2023 మార్చి 26న ఢిల్లీలో ఆమె రెండో ప్రపంచ టైటిల్ ఫైనల్లో ఎదుట నిలబడింది ఎవరో తెలుసా? న్గుయెన్ థి తామ్. బ్యాంకాక్‌లో ఓడించిన అదే వియత్నాం బాక్సర్. ఈసారి 5-0. కొన్ని పత్రికలు ఫైనల్ వార్త రాసి ఈ ముచ్చట వదిలేశాయి, నాకు అది వెలితిగానే అనిపించింది.

◆ అదే ఢిల్లీ పోటీల క్వార్టర్స్‌లో థాయిలాండ్ బాక్సర్ చుతామత్ రక్‌సత్‌పై ఫలితం 5-2. ఐదుగురు జడ్జీలుంటే ఏడు ఎక్కడివి? బౌట్ రివ్యూకు వెళ్తే మరో ఇద్దరు అధికారుల అభిప్రాయం కూడా కలుస్తుంది, అందుకని. కష్టంగా గెలిచిన బౌట్ అది. ఆ అక్టోబర్‌లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల సెమీస్‌లో రక్‌సత్ 3-2తో లెక్క సరిచేసింది. నిఖత్‌కు కాంస్యం వచ్చింది, పారిస్ ఒలింపిక్స్ బెర్తు మాత్రం అప్పటికే ఖాయమైంది.

◆ పారిస్‌లో ఆమెకు సీడింగ్ లేదు. రెండుసార్లు ప్రపంచ చాంపియన్ సీడింగ్ లేకుండా ఆడటం చాలామందికి తెలియని సంగతి. తొలి బౌట్ జర్మనీ బాక్సర్ మాక్సీ క్లోట్జర్‌పై 5-0తో గెలిచింది, రెండో బౌట్‌కే టాప్ సీడ్, చైనా బాక్సర్ వూ యు ఎదురైంది. 2024 ఆగస్టు 1న 0-5తో ఓడింది. 50 కిలోల స్వర్ణం చివరికి ఆ వూ యుకే వెళ్లింది, ఫైనల్లో ఆమె ఓడించింది చకిరోగ్లును. పతకం తెస్తుందని ఆశపడ్డ బాక్సర్ కాబట్టి ఆ రోజు నిజామాబాద్‌లోనూ, మన దగ్గరా చాలా ఇళ్లలో టీవీలు తొందరగా ఆగిపోయి ఉంటాయి.

◆ ఇక చకిరోగ్లుతో లెక్క ఇంకా తేలలేదు. 2025 సెప్టెంబర్‌లో లివర్‌పూల్ ప్రపంచ పోటీల క్వార్టర్స్‌లో ఇద్దరూ మళ్లీ కలిశారు, 5-0తో టర్కీ బాక్సర్ గెలిచింది. ఇస్తాంబుల్‌లో ఒకటి, సోఫియాలో ఒకటి, లివర్‌పూల్‌లో ఒకటి: ఈ మూడు బౌట్లలో 2-1తో ముందున్నది చకిరోగ్లు. రెండు నెలల తర్వాత గ్రేటర్ నోయిడాలో ప్రపంచ బాక్సింగ్ కప్ ఫైనల్స్‌లో నిఖత్ 51 కిలోల స్వర్ణం గెలిచింది. అప్పటికి ఆమె వయసు 29.