నిమ్మచెట్టు పురుగూ, బీరువాలో పుస్తకమూ



సెలవుల్లో ఇంటికి పోతే పొద్దు పోదని మనలో చాలామంది అంటారు. నాకైతే పొద్దుపోయే పనులు రెండున్నాయి. ఒకటి పుస్తకం చదవడం, రెండోది పురుగుల్ని పెంచడం. పురుగులా! అని నవ్వకండి. అంతా చదివి అప్పుడు నవ్వండి.

పోయిన ఏడాది వేసవి సెలవుల్లో మా ఇంటి వెనక నిమ్మచెట్టు మీద ఒక పచ్చని పురుగు దొరికింది. నేనూ చెల్లీ దాన్ని సీసాలో వేసి, చిక్కుడాకులు పెట్టి, మూత గట్టిగా బిగించాం. అది ఆకు ముట్టలేదు. మూడో రోజుకి చచ్చిపోయింది. "నువ్వే చంపేశావు" అని చెల్లి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆకులు పెట్టాం కదా, ఎందుకు చచ్చిందో నాకు అర్థం కాలేదు.

బడి తెరిచాక మన లైబ్రరీ బీరువాలో శాస్త్రవేత్తల పుస్తకం ఒకటి దొరికింది. అందులో మరియా సిబిల్లా మేరియన్ అనే ఆమె సంగతి ఉంది. ఆమె 1647లో జర్మనీలో పుట్టింది. 13 ఏళ్లకే, అంటే నా వయసులోనే, పట్టుపురుగుల్ని పెంచింది. పురుగులు బురదలోంచి వాటంతటవే పుడతాయని ఆ కాలంలో చాలామంది నమ్మేవారట. ఆమె నమ్మి ఊరుకోలేదు. గుడ్డు నుంచి రెక్కలు వచ్చేదాకా చూసి బొమ్మలు గీసింది. 52 ఏళ్ల వయసులో, 1699లో, కూతురితో ఓడెక్కి దక్షిణ అమెరికాలోని సురినామ్ వెళ్లింది. అక్కడి పురుగుల మీద 1705లో 60 బొమ్మలతో పుస్తకం తెచ్చింది. పురుగును అది తినే మొక్కతో కలిపి గీయడం ఆమె పద్ధతి. అది చదవగానే నా తప్పు తెలిసింది. నిమ్మాకు తినేదానికి చిక్కుడాకు పెట్టాను!

ఈ వేసవిలో మళ్లీ మొదలుపెట్టాం. ఎలాగో చెప్తాను, మీరూ చేయవచ్చు.

1. గుడ్డు: లేత నిమ్మాకు మీద లేత పసుపు రంగులో ఆవగింజంత ఉంటుంది. మూడు నాలుగు రోజుల్లో పిల్ల వస్తుంది.

2. పురుగు: చిన్నప్పుడు నల్లగా, తెల్లమచ్చతో అచ్చం పిట్టరెట్టలా ఉంటుంది. అందుకే పిట్టల కంట పడదు. నాలుగుసార్లు చర్మం విడిచాక పచ్చగా అవుతుంది. ముట్టుకుంటే తల వెనక నుంచి ఎర్రటి కొమ్ములు చాపి ఘాటు వాసన వదులుతుంది. భయపడకండి, కుట్టదు. రోజూ తాజా నిమ్మాకు పెట్టాలి. సీసాకు మూత బదులు పలచని గుడ్డ కట్టాలి. లోపల ఒక పుల్ల నిలబెట్టాలి.

3. ప్యూపా: తిండి మానేసి, పుల్లకు తోక అంటించుకుని, నడుముకు సన్నని దారం చుట్టుకుంటుంది. తాటిచెట్టు ఎక్కేవాళ్లు మోకు కట్టుకున్నట్టే!

4. సీతాకోకచిలుక: మాది పదో రోజు పొద్దున్నే బయటికి వచ్చింది. రెక్కలు తడిగా, ముడతలుగా ఉన్నాయి. చెల్లి వేలితో విప్పబోతే ఆపాను. అది వేలాడుతూ తనే రెక్కల్లోకి రసం నింపుకోవాలి. మనం సాయం చేస్తే రెక్క పాడవుతుంది. కాసేపటికి నల్లని రెక్కల మీద పసుపు చుక్కలతో చెల్లి చేతి మీద కూర్చుని, ఎగిరిపోయింది.

ఒక మాట. ఈ పురుగులు చిన్న మొక్కను బోడి చేసేస్తాయి, మా అయ్య ఏరి పారేస్తాడు. అది తప్పు కాదు. మనం పెద్ద చెట్టు నుంచి ఒకటో రెండో తెచ్చుకుంటే చాలు.

ఆ రోజు సాయంత్రం చెల్లి, "అన్నా, ఆ పుస్తకం నాకూ చదివి చెప్పు" అంది. పుస్తకం హాస్టల్ బీరువాలో ఉంది, తాళం వేసి ఉంది. గుర్తున్నంత చెప్పాను, కానీ బొమ్మలు చెప్పలేం కదా! వార్డెన్ గారూ, దసరా సెలవులకు మాకు తలా ఒక పుస్తకం ఇప్పించండి. అట్ట నలగకుండా తెచ్చి ఇస్తాం.

ఇట్లు,
8వ తరగతి విద్యార్థి