శ్రేణీకృత నానోమిశ్రమ పూతలు

లోహపు పనిముట్లపై, అడుగు నుండి పైభాగానికి సంఘటనం క్రమక్రమంగా మారేటట్లు వేసే కొన్ని మైక్రోమీటర్ల మందం గల పూతలను శ్రేణీకృత నానోమిశ్రమ పూతలు అంటారు. ఇంగ్లీషులో వీటిని ఫంక్షనల్లీ గ్రేడెడ్ నానోకాంపోజిట్ కోటింగులు అని వ్యవహరిస్తారు. కోత పనిముట్లు, డ్రిల్ బిట్లు, అచ్చులు త్వరగా అరిగిపోకుండా ఇవి కాపాడతాయి. ఇటువంటి పూతకు కాఠిన్యం ఎంత అవసరమో, అడుగున ఉన్న లోహాన్ని వదలకుండా అంటిపెట్టుకొని ఉండడం కూడా అంతే అవసరం.

కాఠిన్యం

సాధారణ టైటానియం నైట్రైడ్ పూత కాఠిన్యం సుమారు 20 నుండి 25 గిగాపాస్కల్‌లు ఉంటుంది. దాని స్ఫటికాలను 10 నానోమీటర్ల లోపు పరిమాణానికి తగ్గించి, వాటి నడుమ అస్ఫటిక సిలికాన్ నైట్రైడ్ అతిపలుచని పొరగా ఉండేటట్లు చేస్తే కాఠిన్యం 40 గిగాపాస్కల్‌లకు చేరగలదు. అంత చిన్న స్ఫటికాలలో స్థానభ్రంశాలు ఏర్పడి కదలడం కష్టం. చుట్టూ ఉన్న పొర స్ఫటికాలు ఒకదానిపై ఒకటి జారకుండా అడ్డుకుంటుంది. ఈ రూపకల్పన సూత్రాన్ని 1995లో స్టాన్ వెప్రెక్, రైప్రిచ్‌లు ప్రతిపాదించారు.

శ్రేణీకరణ

గట్టి పూతను నేరుగా ఉక్కుపై వేస్తే, రెండూ కలిసే చోట ధర్మాలు హఠాత్తుగా మారతాయి. ఉక్కు యంగ్ గుణకం సుమారు 210 గిగాపాస్కల్‌లు కాగా, టైటానియం నైట్రైడ్ యంగ్ గుణకం 400 గిగాపాస్కల్‌లకు పైగా ఉంటుంది. వేడికి రెండూ సమానంగా వ్యాకోచించవు. అందువలన సరిహద్దు వద్ద ప్రతిబలం పోగుపడి, పగుళ్ళు ఏర్పడి, పూత పెచ్చులుగా ఊడిపోతుంది.

దీనిని నివారించడానికి మొదట టైటానియం, ఆపై నత్రజని శాతం పెరుగుతూ టైటానియం నైట్రైడ్, చివరగా సిలికాన్ కలిసిన నానోమిశ్రమం వచ్చేటట్లు పూత వేస్తారు. మాగ్నెట్రాన్ స్పటరింగ్ పద్ధతిలో నత్రజని ప్రవాహాన్ని కొద్దికొద్దిగా పెంచుతూ ఈ మార్పును సాధిస్తారు. శ్రేణీకృత పదార్థాల భావన 1984లో జపానులో, అంతరిక్ష విమానానికి ఉష్ణ రక్షణ కల్పించే ప్రయత్నంలో రూపుదిద్దుకొంది.

కొలిచే పద్ధతులు

కాఠిన్యాన్ని, యంగ్ గుణకాన్ని నానోఇండెంటేషన్ ద్వారా కొలుస్తారు. వజ్రపు మొనను పూతలోకి నొక్కి, బలానికీ లోతుకూ గల సంబంధాన్ని నమోదు చేస్తారు. ఫలితాలను లెక్కించడానికి 1992లో ఆలివర్, ఫార్ ప్రచురించిన పద్ధతి విస్తృతంగా వాడుకలో ఉంది. మొన దిగే లోతు పూత మందంలో పదోవంతు మించితే అడుగు లోహం ప్రభావం ఫలితంలో కలిసే అవకాశం ఉంది. శ్రేణీకృత పూతలో ధర్మాలు లోతును బట్టి మారతాయి కనుక, ఒకే విలువ పూత అంతటికీ వర్తించదు.

పూత పట్టును గీత పరీక్షతో తెలుసుకుంటారు. వజ్రపు మొనతో బలాన్ని పెంచుతూ గీసినపుడు, పూత ఊడటం మొదలయ్యే బలాన్ని సందిగ్ధ భారం అంటారు. రెండు పూతల కాఠిన్యం సమానమైనా, సందిగ్ధ భారం తక్కువగా ఉన్న పూత పనిలో ముందుగా ఊడిపోయే ప్రమాదం ఎక్కువ.