మంచం దగ్గరి చదువు

పక్షవాతం వచ్చిన మనిషిని మంచం మీంచి కుర్చీలోకి మార్చాలంటే మన ఊళ్లలో ఇద్దరు చెరో చంకా పట్టుకుని పైకి లాగుతారు. ప్రేమతోనే లాగుతారు. కానీ చచ్చుబడ్డ వైపు భుజానికి కండరాల పట్టు ఉండదు. అలా లాగితే కీలు పక్కకు జారవచ్చు. ఆ తర్వాత నెలల తరబడి వేధించే భుజం నొప్పిని ఇంటిల్లిపాదీ లక్వా నొప్పే అనుకుంటారు.

పని తెలిసినవాళ్లు ఇలా చేయరు. కుర్చీని మనిషికి బలమున్న వైపు, మంచానికి ఆనించి పెడతారు. చక్రాల కుర్చీ అయితే ముందు బ్రేకు వేస్తారు. పాదాలు నేలకు ఆనేదాకా మనిషిని అంచుకు జరుపుతారు. “పెద్దమ్మా, లేద్దామా? నీ మంచి చెయ్యి ఈ కుర్చీ మీద పెట్టు” అని చెప్పి, నడుం దగ్గర పట్టు దొరికించుకుని, ఆమె ముందుకు వంగి తన కాళ్ల మీద బరువు వేసేదాకా ఆగుతారు. ఆ అడగడంలోనే మర్యాద ఉంది, భద్రత కూడా ఉంది. అడిగితేనే ఆమె ఒంటిని కూడదీసుకుంటుంది. చెప్పకుండా లేపితే భయంతో బిగుసుకుపోతుంది, ఇద్దరూ పడతారు.

ఈ పని ఎవరి మీద పడుతోందో ఒక మండలంలో చూద్దాం. సంగారెడ్డి జిల్లాలో కర్ణాటక సరిహద్దును ఆనుకుని ఉన్న మొగుడంపల్లి 2016లో జిల్లాల పునర్విభజనప్పుడు మండలమైంది. దానికి దగ్గరి పెద్ద ఊరు జహీరాబాద్. తెలుగు, కన్నడ, ఉర్దూ, తండాల్లో లంబాడీ, అన్నీ వినిపించే నేల ఇది. వయసులో ఉన్నవాళ్లు పనుల కోసం ఊరు దాటితే ఇంట్లో మిగిలేది ముసలివాళ్లు, నడవలేనివాళ్లు, వాళ్లను చూసుకునే ఒక ఆడమనిషి. కోడలో, భార్యో, బడి మానేసిన మనవరాలో. ఆమెకు ఎవరూ ఏమీ నేర్పలేదు. ఓపికగా చేస్తే మంచిదంటారు, విసుక్కుంటే చెడ్డదంటారు. పని ఎలా చేయాలో చెప్పకుండా మనసును తూకం వేస్తున్నాం. ఇది అన్యాయం.

ఇలాంటి మండలాల నుంచే ఆడవాళ్లు హైదరాబాద్ వెళ్లి ఏజెన్సీల ద్వారా ‘పేషెంట్ కేర్’ పనిలో చేరుతుంటారు. చాలాచోట్ల ఆధార్ కార్డు చూస్తారు, జీతం మాట్లాడతారు, పంపిస్తారు. మూత్రం సంచీని నడుం కంటే ఎత్తులో పెట్టకూడదని, పెడితే మూత్రం వెనక్కి పారి జ్వరం తెస్తుందని ఆమెకు చెప్పేవారెవరు?

చట్టాల్లో కొరత లేదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. నలుగురిలో కావాలని అవమానిస్తే ఆరు నెలల నుంచి ఐదేళ్ల దాకా జైలు అన్నది. ఎక్కువ ఆసరా అవసరమైనవారికి సంరక్షకుల భత్యం ఉండాలని 24వ సెక్షన్‌లో రాసింది. మన దగ్గర వైకల్య సర్టిఫికెట్ చూపిస్తే పింఛన్ వస్తుంది. 2014లో ఆసరా పేరుతో మొదలైన ఈ పింఛన్ వికలాంగులకు 2023లో 4,016 రూపాయలైంది. అది ఆ మనిషి హక్కు. మరి రాత్రి మూడుసార్లు లేచి పక్క మార్చే మనిషి మాటేమిటి?

ఆ రాత్రి లేవడం ఎందుకో వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే పుండ్లు పడేది అక్కడే. కదలలేని మనిషి బరువంతా పిరుదుల పైన త్రికం ఎముక, తుంటి, మడమల మీద పడుతుంది. ఎముకకూ పరుపుకూ మధ్య చర్మం నలిగి రక్తం అందక చస్తుంది. సుమారు రెండు గంటలకోసారి పక్క మార్చమనేది అందుకే. ఎర్రబడ్డ చోట వేలితో నొక్కితే తెల్లబడాలి. తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే. అక్కడ నూనె రాసి రుద్దితే లోపలి కణజాలం ఇంకా దెబ్బతింటుంది. చాలా ఇళ్లలో కొనే గాలి రింగు చుట్టూ ఒత్తిడి పెంచి రక్తాన్ని ఆపుతుంది. మడమలు పరుపుకు తగలకుండా పిక్కల కింద దిండు పెడితే చాలు. ఖర్చు లేదు. తెలియాలంతే.

తిండి దగ్గర ప్రమాదం ఇంకా పెద్దది. పడుకోబెట్టి జొన్న గటక తాగిస్తే అది గొంతు దాటి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. కూర్చోబెట్టాలి, గడ్డం కొంచెం దించాలి, చిన్న చెంచాతో పెట్టి మింగిందాకా ఆగాలి, తిన్నాక అరగంట కూర్చోనివ్వాలి. నీళ్లు తాగుతుంటే దగ్గు వస్తే అది హెచ్చరిక, డాక్టర్‌కు చెప్పాలి. జొన్నరొట్టె నమలలేని మనిషికి పప్పులో బాగా నానబెట్టి పెట్టవచ్చు. అలవాటైన రుచి పోగొట్టి, అడగకుండా రోజూ జావే పోస్తే, ఆ మనిషికి ఇష్టాయిష్టాలు ఉన్నాయన్న సంగతే మరిచిపోయినట్టు.

స్నానం సంగతి మాట్లాడటానికి మనకు మొహమాటం. తలుపు వేయాలి, ఒళ్లంతా ఒకేసారి విప్పకుండా కడిగే భాగం వరకే తీయాలి, ఆడపిల్లకు ఆడమనిషే చేయాలి. మెదడు ఎదుగుదల తక్కువైన అమ్మాయికి నెలసరి వచ్చినప్పుడు ఏం జరుగుతోందో బొమ్మతోనో బట్టతోనో ముందే చూపించాలి. ‘దానికేం తెలుస్తది’ అని ఆమె ముందే అనకూడదు. మాట రాకపోయినా చెవులు వింటాయి.

అన్నిటికంటే కష్టమైన విషయం కట్టేయడం. మతిమరుపుతో బయటికి వెళ్లిపోయే ముసలాయనను, మానసిక జబ్బు ఉన్న కొడుకును పొలానికి పోతూ మంచానికి కట్టే ఇళ్లున్నాయి. వేరే దారి లేకనే కడతారని నాకు తెలుసు. అయినా అది తప్పే. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో మానసిక రోగులను ఉంచిన ఆశ్రమంలో మంటలు లేచినప్పుడు గొలుసులతో కట్టి ఉంచినందువల్లే 28 మంది తప్పించుకోలేక చనిపోయారు. 2017 మానసిక ఆరోగ్య చట్టం గొలుసులను పూర్తిగా నిషేధించింది. కానీ నిషేధంతో పాటు పగలు నాలుగు గంటలు వచ్చి కూర్చునే, పని తెలిసిన మనిషిని ఆ ఇంటికి ఇవ్వాలి.

అలాంటి మనిషిని తయారుచేసే చదువు ఉంది, తెలుగులోనే ఉంది. భారత పునరావాస మండలి, ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం కలిసి రూపొందించిన ఆరు నెలల కోర్సు 2021 మే 19న మొదలైంది. ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తల పక్కనే పనిచేసేలా ఊళ్లలో వాళ్లకు నేర్పడం దాని ఉద్దేశం. పూర్తి చేసినవారిని ‘దివ్యాంగ్ మిత్ర’ అంటారు. ఇందుకు సాయం అడగడానికి, 1984 నుంచి బుద్ధిమాంద్యత మీద పనిచేస్తున్న జాతీయ సంస్థ సికింద్రాబాద్‌లోనే ఉంది.

మెల్‌బోర్న్ అంటే గుర్తొచ్చేది మన పిల్లలు. అక్కడ చదువుకుంటూ వృద్ధాశ్రమాల్లో షిఫ్టులు చేసే తెలుగువాళ్లు ఎందరో. ఆ పనికి వాళ్లు చదివే సర్టిఫికెట్‌లో కనీసం 120 గంటలు నిజమైన పనిచోట చేసి చూపించాలి. అంత పద్ధతి ఉన్న దేశంలోనూ వృద్ధుల పట్ల నిర్లక్ష్యం మీద రాయల్ కమిషన్ వేయాల్సి వచ్చింది, 2021 మార్చిలో దాని తుది నివేదిక బయటికి వచ్చింది. శిక్షణ ఒక్కటే చాలదని, చాలినంత మంది మనుషులు, చూసే కన్ను కూడా ఉండాలని అది చెప్పింది. మనం మొదటి మెట్టు దగ్గరే ఉన్నాం. అక్కడి ముసలావిడను లేపడం పద్ధతిగా నేర్చుకున్న మనవరాలికి, ఇక్కడ తన నానమ్మను ఎవరు ఎలా లేపుతున్నారో ఫోన్‌లో కనిపించదు.

మొగుడంపల్లి లాంటి చోట ఈ శిక్షణను పెద్ద భవనంతో మొదలుపెట్టనక్కర్లేదు. మహిళా సంఘాలు ఉన్నాయి. జహీరాబాద్ దగ్గర మాచ్‌నూర్‌లో 2008 నుంచి దళిత మహిళలు నడిపే సంఘం రేడియో ఉంది. పక్క మార్చడం ఎలాగో వాళ్ల గొంతులో, వాళ్ల యాసలో చెబితే ఇంట్లో వింటారు. చేతి పని మాత్రం ఇంటికి వెళ్లే నేర్పాలి. శిక్షణకు వచ్చినవాళ్లను ముందు మంచం మీద పడుకోబెట్టి ఒకరినొకరు లేపమనాలి, చేతులు కదపకుండా కూర్చుని పక్కవాళ్ల చెంచాతో తినమనాలి. చెంచా ఎంత తొందరగా వస్తుందో, అడగకుండా ఒంటి మీద చెయ్యి పడితే ఎలా ఉంటుందో అప్పుడు తెలుస్తుంది.

ఆ పని చేసే ఆడమనిషి నడుం సంగతి కూడా అదే తరగతిలో రావాలి. మోకాళ్లు వంచి ఎత్తడం, బరువైన మనిషిని ఒంటరిగా ఎత్తనని చెప్పడం, ఇంటి మగవాళ్లు తప్పుగా ప్రవర్తిస్తే ఎవరికి ఫోన్ చేయాలో తెలియడం, చేతి తొడుగులు, వారానికో సెలవు. పెద్దవాళ్ల మీద వేధింపు కనబడితే 14567కు చెప్పాలని కూడా ఆమెకు తెలియాలి. హైదరాబాద్‌లో 2017లో మొదలై ఇప్పుడు దేశమంతా ఉన్న హెల్ప్‌లైన్ అది. చట్టంలో రాసిన సంరక్షకుల భత్యం ఈ ఇళ్లకు చేరితే, ఇంట్లో కోడలు చేసినా బయటి మనిషి వచ్చినా, ఆ రాత్రి మేలుకోవడానికి కూలి ఉంటుంది. సర్పంచులను, మండల అధికారులను ఆ సెక్షన్ నంబరు చెప్పి అడగండి: 24.