న్యూట్రానుల జాడ

దట్టమైన సీసపు పెట్టెలో ప్లుటోనియపు ముద్ద యొకటి దాచబడి యున్నదనుకొనుడు. గామా కిరణములను సీసము చాలవఱకు మ్రింగివేయును. న్యూట్రానులు మాత్ర మా గోడను అంతగా లెక్కచేయక వెలికి వచ్చును. ప్లుటోనియము 240 అను రకము గ్రామునకు సెకండొక్కింట సుమారు 1000 న్యూట్రానులను విడుచుచుండును. అణ్వాయుధ ద్రవ్యమును వెదకువారికి ఈ జాడ మిగుల విలువైనది. అయితే దానిని పట్టుటెట్లు?

1932లో కేంబ్రిడ్జిలో జేమ్సు చాడ్విక్కు కనుగొనిన యీ కణమునకు విద్యుదావేశము లేదు. కనుక దానిని నేరుగా చూడలేము. అది దేనిని కొట్టినదో దానిని చూడవలెను.

గోలీలాట మీరెల్ల రెఱిగినదే. గోలీ యినుపగుండునకు తగిలినచో తాను వెనుకకు దుముకును గాని గుండు కదలుట అరుదు. తనంతటి గోలీకే సూటిగా తగిలెనా, తాను నిలిచిపోయి వేగమంతయు దానికిచ్చును. న్యూట్రానునకు సరితూగు గోలీ ఉదజని కేంద్రకమైన ప్రోటాను. అందుచే ఉదజని సమృద్ధిగాగల స్టిల్బీను స్ఫటికములను, కొన్ని ప్లాస్టిక్కులను వాడుదురు. దెబ్బతిన్న ప్రోటాను వానిలో పరుగెత్తునపుడు మినుకుమని యొక మెఱుపు పుట్టును. ఇట్టివానికి స్ఫురణద్రవ్యములని పేరు. 1909లో మాంచెస్టరున గైగరు, మార్స్డెనులు చీకటిగదిలో కూర్చుండి, ఆల్ఫా కణములు జింకు సల్ఫైడు తెరపై రేపిన మెఱుపులను కంటితోనే లెక్కించిరి. ఎంతటి ఓపిక! నేడా పని విద్యుత్సాధనములది.

గామా కిరణములును మెఱుపు పుట్టించును, చిక్కంతయు నిచ్చటనే. అయితే ప్రోటాను రేపిన మెఱుపు పూర్తిగా ఆఱుటకు కొంచె మెక్కువ కాలము పట్టును. ఆ తేడా సెకండులో నూఱుకోట్లవ వంతులతో కొలువదగినది. స్టిల్బీనులో నిది స్పష్టముగా తెలియును గనుకనే దానికంత గౌరవము.

ఇక దిక్కు తెలియుటకు రెండు వరుసలుగా నట్టి ద్రవ్యమును నిలుపుదురు. మొదటి మెఱుపు ప్రకాశమునుబట్టి న్యూట్రాను పోగొట్టుకొనిన శక్తియు, రెండవ మెఱుపువఱకు పట్టిన కాలమునుబట్టి దానికి మిగిలిన శక్తియు తేలును. ఈ రెంటినుండి అది యెంత వంగి ప్రయాణించినదో గణింపవచ్చును. అప్పుడు వెనుకకు ఒక శంకువును గీయుదురు. న్యూట్రాను పుట్టినచోటు దాని యంచుమీద నెచ్చటనో యుండును. ఒక శంకువు చాలదు. అనేక శంకువులు ఒకదానినొకటి ఖండించుకొనినచోట పెట్టె రూపము క్రమముగా తేలును.

సీసముపై మైనమును దళసరిగా పేర్చినచో న్యూట్రానులు పెక్కు మందగించును. వానిని లిథియము 6 కలిసిన ద్రవ్యములు పట్టగలవు. కాని పలుమాఱులు త్రోవ మఱలిన యా న్యూట్రానులు తమ పుట్టినదిక్కును చెప్పలేవు. అపుడు పరీక్షకుడు మైనమును దాటివచ్చిన కొలది వేగవంతములైనవానికొఱకే గంటలతరబడి కాచియుండవలెను.